మామయ్య గారి పాములు: పాఠకుల ప్రశ్నలు, జంతుశాస్త్రం మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. వానాకాలం మొదలైతే చాలు, మా పెద్ద మేనమామ గారు బంధువుల వాట్సాప్ గ్రూపులో పాముల గురించి పోస్టులు పెడుతుంటారు. మొన్న పెట్టింది ఇది: 'రెండే గాట్లుంటే విషసర్పం, వరుసగా చాలా ఉంటే భయం లేదు. గాటుకు పైన తాడు బిగించి కట్టాలి. వేపాకు నమిలినా చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టు.' దాని వెంటే, జెర్రిపోతూ నాగుపామూ జతకట్టాయంటూ ఒక వీడియో. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. నేను నర్సింగ్ చదువుతున్నాను. కాదంటే పెద్దవారిని ఎదిరించినట్టవుతుంది, ఊరుకుందామంటే మనసొప్పడం లేదు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ వీడియో వల్ల ఎవరి ప్రాణమూ పోదు. దాని సంగతి తీరిగ్గా ఫోనులో మాట్లాడుకోవచ్చు. గాట్లు, తాడు, వేపాకు అలా కాదు. వీటికి జవాబు ఆ గ్రూపులోనే, ఆ పోస్టు కిందే, అదే రోజు పడాలి. మామయ్య గారికి చాటుగా చెప్పి ఒప్పించినా, చదివి దండం పెట్టిన మిగతావాళ్లకు నీ మాట చేరదు. పొలంలో ఎవరినైనా పాము కరిచిన రోజు వాళ్లకు గుర్తొచ్చేది ఆ రెండు గాట్లే.

గాట్ల లెక్క ఎందుకు నిలవదో చూడు. రెండు కోరల్లో ఒకటే దిగవచ్చు. చర్మం మీద గీరుకుపోవచ్చు. పాము రెండుసార్లు కరవవచ్చు. కట్లపాము దగ్గరికి వస్తే అసలు లెక్కే ఉండదు. దాని కోరలు చిన్నవి. రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని ఎక్కువగా కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, చాలాసార్లు గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు. ఇంట్లోవాళ్లు అజీర్ణం అనుకుని సోడా తాగిస్తూ ఉండగానే కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, చివరికి ఊపిరి అందదు. నీ జవాబులో ఈ ఒక్క పాము గురించే రాసినా చాలు.

తాడు బిగిస్తే రక్తప్రసారం ఆగి చెయ్యో కాలో పోయే ప్రమాదం ఉంది. ఎముక విరిగినప్పుడు చేసినట్టు బద్ద పెట్టి కదలకుండా ఉంచాలి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు తీసేయాలి. నడిపించకుండా, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. కోయడం, నోటితో పీల్చడం అసలు వద్దు.

ఇక వేపాకు. చేదు తెలిసినంత మాత్రాన విషం లేదని అర్థం కాదు. దీన్ని 'మూఢనమ్మకం' అని కొట్టిపారేస్తే మామయ్య గారికి కోపం వస్తుంది, న్యాయమే. దానికి బదులు ఆసుపత్రిలో ఏం చేస్తారో రాయి. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకని శుభ్రమైన, పొడిగా ఉన్న గాజుగొట్టంలో కాస్త రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపైన వంచి చూస్తారు. ఇంకా నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నట్టే. నాగుపాము, కట్లపాము కాట్లు ఈ పరీక్షలో బయటపడవు, వాటికి కనురెప్పలూ ఊపిరీ గమనిస్తారు. మొదలుపెట్టడం ఎలాగంటావా? 'మామయ్య గారూ, వానల వేళ మంచి విషయం ఎత్తారు. మా క్లాసులో చెప్పింది కూడా కలుపుతున్నాను' అను. అబద్ధమేమీ కాదుగా.

దానికి ఆయన 'మా ఊళ్లో మంత్రం వేస్తే ఎంతమంది బతకలేదు!' అంటారు. బతికారు, ఒప్పుకో. కరిచే పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషసర్పం కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కరుస్తుంది. వీళ్లంతా మంత్రం లేకపోయినా బతికేవారే, పేరు మాత్రం మంత్రగాడికి వచ్చింది. 'ఈ రోజుల్లో పాముకాటుతో ఎవరు పోతున్నారు' అనే పెద్దమనిషి కూడా ప్రతి గ్రూపులో ఒకరుంటారు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

వీడియో మాట కూడా చెబుతాను. జెర్రిపోతు మగది, నాగు ఆడది అన్న నమ్మకం పాతదే, కానీ అవి వేరువేరు జాతులు. అలా లేచి పెనవేసుకునేవి చాలావరకు రెండు మగ జెర్రిపోతులు. ఒకదాని తల మరొకటి నేలకు వంచాలని చూస్తుంటాయి, అది పెళ్లి కాదు, కుస్తీ. వీడియో ఆపి తలలు చూడమను. రెండింటికీ పెద్ద కళ్లు, పెదవుల మీద నల్లని నిలువు గీతలు ఉంటే రెండూ జెర్రిపోతులే.

ప్రశ్న: కరిచిన పామును చంపి తీసుకెళితేనే డాక్టరు సరైన మందు ఇవ్వగలరని మా స్నేహితుల గ్రూపులో తేల్చేశారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అవసరం లేదు. మన దగ్గర వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారైనదే. ఆ నాలుగింటి విషాన్నీ సేకరించడానికే తమిళనాడులో ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఒకటి ఉంది. పామును వెతుకుతూ కర్ర పట్టుకుని తిరిగితే సమయం పోతుంది, రెండోవాడూ కాటు తింటాడు. తెగిపడిన తల కూడా కాసేపు కరవగలదు. దూరం నుంచి ఫోనులో ఫొటో దొరికితే సరే, దొరక్కపోతే బయలుదేరండి.

ప్రశ్న: రెండు తలల పాము కోట్లు పలుకుతుందని నా మిత్రుడు పంపాడు. నమ్మలేక వెతికితే అయిదు చోట్ల అదే సమాచారం కనిపించింది. అయితే నిజమే కదా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ అయిదింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. అవే వాక్యాలు, అవే అచ్చుతప్పులు ఉంటే అది ఒకరి మాటే, అయిదుగురి సాక్ష్యం కాదు. ఆ పాముకు ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది, అంతే. ఆడించేవాళ్లు తోకకు కళ్లు గీసిన సందర్భాలూ ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. మీ మిత్రుడు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే పోలీసులకు చెప్పమనండి. పాము ఇంట్లోనే ఉంటే ముందు అటవీశాఖ వారికి ఫోను చేయమనండి.