ఎముక గ్యాప్ సరే, ముందు ఆ రసి సంగతి చూడాలి

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు. తొమ్మిది నెలల కిందట బైక్ ప్రమాదంలో మోకాలి కింద ఎముక నుజ్జయింది. కొంత ముక్క తీసేసి బయటి నుంచి రాడ్లు బిగించారు. 5 సెంటీమీటర్ల గ్యాప్ అలాగే ఉంది. అప్పుడప్పుడూ రసి కారుతుంది, మాత్రలు వాడితే తగ్గుతుంది. ల్యాబ్‌లో ఎముక పెంచి, త్రీడీ ప్రింటింగ్‌తో తయారుచేసి పెడతారట. మూలకణాల ఇంజెక్షన్ కూడా ఉందంటున్నారు. చేయించవచ్చా?
- ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: అమ్మా, ఆ మాత్రలు ఎవరు రాశారు? మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవైతే ఈ రోజుతో ఆ అలవాటు మానండి. డాక్టర్ రాసిన కోర్సైతే మాత్రం ఆయన్ని అడక్కుండా ఆపొద్దు.

తొమ్మిది నెలలైనా రసి వస్తోందంటే ఎముకలో ఇన్‌ఫెక్షన్ ఉందనే అనుమానించాలి. నాలుగు రోజులు యాంటీబయాటిక్ వేస్తే పైన ఆరుతుంది. లోపల చచ్చిన ఎముక ముక్కకు రక్తం అందదు, కాబట్టి మందూ అందదు. పైగా ఈ అరకొర వాడకం వల్ల, రేపు ఆపరేషన్‌లో లోపలి ముక్క తీసి కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపితే ఏ క్రిమీ పెరగకపోవచ్చు. ఏ క్రిమో తెలియకపోతే ఏ మందివ్వాలో మాకెలా తెలుస్తుంది? అందుకే వీలైతే కల్చర్‌కు రెండు వారాల ముందే యాంటీబయాటిక్స్ ఆపిస్తాం. ఇలా చేజేతులా ఆలస్యం చేసుకున్న కాళ్లను చాలా చూశాను.

ఇక మీరడిగింది. కణాలు నిలబడేందుకు పరంజా లాంటి దిమ్మె, దాని మీద రోగి మజ్జలోని కణాలు, వాటిని పురిగొల్పే ప్రోటీన్లు... టిష్యూ ఇంజనీరింగ్ అనే పద్ధతి ఇదీ. ముగ్గురు రోగులకు ఇలా చేసినట్టు 2001లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఎముకను పెంచే బీఎంపీ-2 ప్రోటీన్‌ను మోకాలి కింది ఎముక ఓపెన్ ఫ్రాక్చర్లకు (చర్మం చీలి విరిగినవాటికి) వాడేందుకు 2004లో అమెరికా అనుమతించింది. చిక్కంతా రక్తం దగ్గరే. కణం బతకాలంటే మిల్లీమీటరులో అయిదో వంతు దూరంలోపు రక్తనాళం ఉండాలి. 5 సెంటీమీటర్ల దిమ్మె నడిమధ్యకు నాళాలు చేరేలోపే కణాలు చచ్చిపోతాయి. ఇన్‌ఫెక్షన్ ఉన్నచోట పెడితే ఆ దిమ్మే క్రిములకు గూడవుతుంది. మూలకణాల ఇంజెక్షన్ అంటూ డబ్బు అడిగితే, అది ఏ క్లినికల్ ట్రయల్ కింద నమోదైందో అడగండి. అనుమతి లేని మూలకణ చికిత్స ట్రయల్ బయట చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇప్పటికి మాకు నమ్మకమైన దారులు రెండు. మాస్కెలే పద్ధతిలో చెడిన ఎముక తీసేసి, ఖాళీలో మందు కలిపిన బోన్ సిమెంట్ పెడతాం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాని చుట్టూ రక్తనాళాలున్న పొర కడుతుంది. తర్వాత సిమెంట్ తీసి, నడుము పక్క ఎముక గుజ్జు నింపుతాం. ఆలోచిస్తే ఇదీ టిష్యూ ఇంజనీరింగే, ల్యాబ్ బదులు శరీరమే చేస్తుంది. రెండోది ఇలిజరోవ్ రింగులు. రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎముకను గ్యాప్‌లోకి జరుపుతారు. మీ వారికి జరపడానికే 50 రోజులు, గట్టిపడటానికి నెలలు. ఏది సరిపోతుందో కాలు చూసిన సర్జనే చెప్పాలి, ఉత్తరం చదివి నేను తేల్చలేను.

సిగరెట్, బీడీ ఉంటే పూర్తిగా మానాలి. సుగర్ పరీక్ష చేయించండి. ఈ వారంలోనే పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ సమ్మరీ, వాడిన మాత్రల ఖాళీ అట్టలతో సహా ఆర్థోపెడిక్ సర్జన్‌ను కలవండి. ఇన్‌ఫెక్షన్ ఆనవాళ్లు చూసే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు అవసరమవుతాయి. జ్వరం, చలి, కాలు ఎర్రబడి వాపు వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.