సిటీవెస్ట్ హోటల్ని ఐర్లాండ్ గవర్నమెంట్ కొనడం డబ్బు దండగేనా? మనకి రూములు దొరకవా?

సెప్టెంబర్లో డబ్లిన్ వస్తున్న తమ్ముడు అడిగాడు కదా, అసైలం వాళ్ళ (వేరే దేశాల్నుంచి వచ్చి ఆశ్రయం అడిగేవాళ్ళ) కోసం 148 మిలియన్ యూరోలు పెట్టి డబ్లిన్ శివార్లలోని ఈ హోటల్ కొనేశారంట, ఇంక మనకి రూములెక్కడివి అని. నేను చూసింది చెప్తా.

మాస్టర్స్ చేసేటప్పుడు ఇలాంటి హోటల్లోనే వీకెండ్ నైట్ సెక్యూరిటీ చేశా (సిటీవెస్ట్ కాదు, పేరెందుకులే). అసైలం వాళ్ళని ఉంచడానికి గవర్నమెంట్‌తో కాంట్రాక్టు, ఓనర్ మాత్రం ప్రైవేటు. రూముల్లో వంట చెయ్యకూడదు, రైస్ కుక్కర్ కనిపిస్తే తెచ్చి రిసెప్షన్లో పెట్టాలి. మనకా అన్నం ఉడికే వాసన మూడు గదుల అవతల్నుంచే తెలిసిపోతుంది, కానీ రాత్రి పదకొండుకి ఒక నైజీరియా ఆవిడ పిల్లలకి వండుకుంటుంటే ఏం లాక్కుంటాం చెప్పు, జలుబు చేసినట్టు నటించి ముందుకెళ్ళిపోయేవాణ్ణి.

ఓనర్ కాంట్రాక్టు పొడిగించనన్నాడు, అప్పుడు చూడాలి. తలుపుల కింద నోటీసులు, నాలుగు రోజుల్లో ఖాళీ, వెళ్ళాల్సిన ఊరు రెండు గంటల దూరం. ఆవిడ పెద్దపిల్ల స్కూల్ స్వెటర్ మీదే బస్సెక్కింది, ఇంక ఆ స్కూలుకి వెళ్ళేది లేదని తెలిసి కూడా. సామానంతా నల్ల చెత్త కవర్లలో, కుక్కర్ మాత్రం ఆవిడ ఒళ్ళో.

సొంత బిల్డింగయితే ఇలా ఓనర్ మూడ్‌ని బట్టి ఊళ్ళు మార్చే పని ఉండదు. అసైలం వాళ్ళకి వసతి, తిండి ఇచ్చే డైరెక్ట్ ప్రొవిజన్ అనే పద్ధతి 2000 నుంచి నడుస్తోంది, అందులో చాలా సెంటర్లు ప్రైవేటోళ్ళవే, 2021లో వైట్ పేపర్ (గవర్నమెంట్ ప్లాన్ పత్రం) పెట్టి 2024 చివరికి ఈ పద్ధతే ఎత్తేస్తామన్నారు, 2022లో ఉక్రెయిన్ నుంచి జనం వచ్చేసరికి అదంతా తలకిందులైంది. 2024లో చోటు దొరకని అసైలం వాళ్ళు డబ్లిన్ మౌంట్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద టెంట్లు వేసుకుని పడుకున్నారు. ఆ ఏడాదే కొత్త ప్లాన్ వచ్చింది, 2028 కల్లా 14,000 బెడ్లు గవర్నమెంటువే ఉండాలని. సిటీవెస్ట్‌కి ఎలాగూ ఏళ్ళ తరబడి అద్దె కడుతూనే వచ్చారు, 764 రూములు, అద్దెకి పోసే బదులు కొనుక్కుందాం అనే లెక్క మనింట్లో వేసేదే కదా.

నాకు నచ్చనిది ఏంటంటే అంతమందిని ఒకేచోట పెట్టడం. పైగా అక్కడి జిమ్, స్విమ్మింగ్ పూల్ మూసేసేసరికి చుట్టుపక్కల వాళ్ళకి మండింది, అందులో తప్పేం లేదు.

ఇక రూముల సంగతి. సెంటర్లో ఉండే పెద్దమనిషికి గవర్నమెంట్ వారానికి ఖర్చులకిచ్చేది 38.80 యూరోలు, దాంతో నీకు పోటీగా రూమేం తీసుకుంటాడు? అసైలం కేసు గెలిచి బయటికొచ్చినప్పుడు మాత్రం ఇల్లు దొరక్క నీలాగే అద్దె ఇళ్ళు చూసే వ్యూయింగ్ లైన్లో నిలబడతాడు, దానికి కారణం అతను కాదు, ఇళ్ళు కట్టకపోవడం.

సిటీవెస్ట్ వైపు రూమ్ దొరికితే భయపడకుండా తీసుకో, లువాస్ ట్రామ్ రెడ్ లైన్ ఉంది, సిటీకి మాత్రం దాదాపు గంట వేసుకో.