కొట్టం దగ్గర నిలబడి చూడటం

చిరంజీవి అమ్మలుకి,

పశు సంక్షేమం మీద ఏదైనా పరిశోధనలో చేరాలనుందని రాశావు. చాలా సంతోషం తల్లీ. విజయవాడ దాటి ఎక్కడికో పోనక్కర్లేదు. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ఒంగోలు జాతి మీద చెయ్యాలనుంటే గుంటూరు దగ్గర లాం ఫారం ఉంది.

ప్రొఫెసర్‌గారికి రాసేటప్పుడు మూగజీవాలంటే ప్రాణమని రాయకు, అది అందరూ రాసేదే. వారానికి ఏ రోజుల్లో ఎన్ని గంటలు రాగలవో, ఎన్నాళ్లు నిలబడతావో రాయి. దానికింద ఒకే ఒక్క ప్రశ్న పెట్టు. "గేదెలూ ఎండా" అంటే జీవితకాలం పని. "ఫారంలో ఎలాగూ నీళ్లతో తడిపే రోజుల్లో, తడపని రోజుల్లో, 12 నుంచి 3 దాకా గేదెలు ఎంతసేపు పడుకుంటున్నాయి" అంటే ఒక వేసవి పని. నల్లతోలు, చెమట గ్రంథులు తక్కువ కాబట్టి తేడా ఉంటే గేదెలో బాగా కనబడుతుంది.

చూసే ముందు ప్రవర్తనల పట్టిక రాసుకో. పడుకోవడమంటే పొట్టో పక్కో నేలకు ఆనాలి, మోకాళ్ల మీద వంగితే లెక్కలోకి రాదు. పడుకోవడాన్నీ నెమరునీ ఒకే గడిలో పెట్టకు, గేదె రెండూ ఒకేసారి చేస్తుంది. భంగిమకో గడి, పనికో గడి. నువ్వూ ఇంకొకరూ మాట్లాడుకోకుండా ఒకే మందను చూసి, ఎవరి గుర్తులు వాళ్లు వేసుకుని పోల్చుకోండి. ఇద్దరి గుర్తులూ ఎంత కలిశాయో చెప్పే అంకె, కప్పా విలువ, 0.8 లోపు వస్తే తప్పు కళ్లది కాదు, నిర్వచనానిది. తిరగరాయండి.

10 గేదెల్ని 10 నిమిషాలకోసారి చూస్తే 3 గంటల్లో 180 గుర్తులు పడతాయి. అవి 180 గేదెలు కావు, పదే. ఒకే రోజు ఒకే కొట్టంలో అన్నిటికీ ఒకటే ఎండ. అందుకే రెండు రకాల రోజులూ వీలైనన్ని కావాలి, అవి కలగలిసి రావాలి. ముందు వారమంతా తడిపి తర్వాత వారం మానేస్తే, చూసింది నీళ్లనా వాతావరణాన్నా తేలదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

కొత్తమనిషిని చూస్తే మంద లేచి నిలబడుతుంది. రోజూ ఒకే రంగు బట్టల్లో ఒకేచోట నిలబడు, మొదటి 15 నిమిషాలు రాయకు. ఉష్ణ-తేమ సూచిక 72 దాటితే పాడి ఆవుకి ఇబ్బంది మొదలంటారు. మన మే నెలలో ఎలాగూ దాటే ఉంటుంది, కాబట్టి "దాటింది" అని రాసి వదిలేయకుండా గంటగంటకీ అంకె రాసుకో. థర్మామీటరు నీడలో, గేదె వీపు ఎత్తున వేలాడదీయి.

రక్తం తీసినా సూది వేసినా సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి ముందు ఉండాలి, దరఖాస్తు ఫారం బీ. ఊరికే చూడటానికైనా ఒకసారి కమిటీని అడిగి, జవాబు కాగితం మీద తీసుకో. కమిటీ వారంవారం కూర్చోదు. ఏప్రిల్‌లో మొదలుపెట్టాలంటే జనవరిలోనే కదలాలి.

రేబిస్ టీకా 0, 7, 21 రోజుల్లో ముందే వేయించుకో. ఈనిన గేదె మావిని వట్టి చేత్తో ముట్టకు, బ్రూసెల్లా అనే జబ్బుక్రిమి అంటుకోవచ్చు. లెక్కలు పెన్సిలుతోనే రాయి తల్లీ, కొట్టంలో నీళ్లు పడితే సిరా నిలవదు.

ఆశీస్సులతో,
పెదనాన్న