ఉన్న కట్టెల స్టవ్‌లోనే బొగ్గు వేసుకోవచ్చా?

కట్టెలు కొట్టి, ఎండబెట్టి, మోసుకొచ్చే ఓపిక లేదనీ, ఇంట్లో ఉన్న స్టవ్‌లోనే బొగ్గు వేసి చూద్దామనుకుంటున్నాననీ రాశారు. స్టవ్‌తో వచ్చిన పుస్తకంలో బొగ్గు కూడా వాడొచ్చని ఉంటే తప్ప ఆ పని చేయకండి. నేను కట్టెల నుంచి బొగ్గుకు మారి కొన్ని చలికాలాలు గడిచాయి, నా మటుకు హాయిగానే ఉంది. కానీ స్టవ్ సంగతి తేల్చుకోకుండా మారడం ప్రమాదం.

కట్టెను బూడిద మీద పడేసినా మండుతుంది, గాలి పైనుంచి తగిలితే చాలు. బొగ్గుకు గాలి అడుగునుంచి వచ్చి నిప్పుల మధ్యగా పైకి పోవాలి. అందుకే బొగ్గు స్టవ్‌కు అడుగున ఊపడానికి వీలుండే ఇనుప జాలీ, దాని కింద బూడిద ట్రే, లోపలి గోడలకు వేడిని తట్టుకునే ఇటుకలు (ఫైర్ బ్రిక్స్) ఉంటాయి. ఇవేవీ లేని దాంట్లో బొగ్గు సరిగ్గా అంటుకోదు. అంటుకుంటే ఆ వేడికి ఇనుము వంకర్లు పోతుంది.

బొగ్గంటే ఏదో ఒక బొగ్గు కాదు. నేను వాడేది ఆంత్రసైట్, గనుల్లో దొరికే గట్టి రకం బొగ్గు. అందులో కార్బన్ 86 శాతం పైనే, పొగ దాదాపు ఉండదు. కిలోకు కిలో చూస్తే బాగా ఎండిన కట్టెకు సుమారు రెట్టింపు వేడి. అంతకంటే మెత్తటి రకమైన బిట్యూమినస్ బొగ్గు తేలిగ్గా అంటుకుంటుంది కానీ మసి, వాసన భరించడం కష్టం. ముక్కల సైజు కూడా మీ స్టవ్‌కు చెప్పిందే కొనండి. మరీ చిన్నవైతే గాలి ఆడదు.

వెలిగించడం దగ్గరే కట్టెలకు అలవాటుపడ్డవాళ్లకు చిరాకొస్తుంది. ముందు ఎండు కట్టెలతో గట్టి మంట వేసి, ఎర్రటి నిప్పులు పరుచుకున్నాక బొగ్గు పలచగా ఒక పొర వేయాలి. అది చిటపటమంటుంది, కాసేపటికి పైన నీలి మంటలు లేస్తాయి. అప్పుడు ఇంకో పొర. అలా ఇటుకల ఎత్తు దాకా నింపాలి. పలచగా వేసి పొదుపు చేద్దామనుకుంటే ఆరిపోతుంది. మండుతున్నప్పుడు మళ్లీ వేసేటప్పుడు ఒక మూల ఎర్రటి నిప్పులు కనబడేలా వదిలేయండి. మొత్తం కప్పేస్తే కొత్త బొగ్గు నుంచి వచ్చే గ్యాస్ లోపలే పోగై, ఒక్కసారిగా భగ్గుమని తలుపు అదురుతుంది.

ఒకసారి కుదురుకున్నాక మాత్రం దాని జోలికి వెళ్లొద్దు. చువ్వతో పైనుంచి కెలికితే బూడిద వేడి నిప్పుల్లో కలిసి, కరిగి, చిట్టెంలా గడ్డకట్టి గాలికి అడ్డం పడుతుంది. ఉదయం, రాత్రి జాలీ ఊపి, ట్రేలోకి ఎర్రటి కణికలు రాలడం మొదలవగానే ఆపేస్తాను. తర్వాత బొగ్గు నింపుతాను, అంతే. అర్ధరాత్రి లేచి కట్టె వేసే బాధ పోయింది, నాకు దక్కిన అసలు సుఖం అదే.

బూడిద మాత్రం కట్టెలకంటే చాలా ఎక్కువ. ట్రే నిండి జాలీకి తగిలితే గాలి ఆగి జాలీయే కాలిపోతుంది, కాబట్టి రోజూ తీయాల్సిందే. మూత ఉన్న ఇనుప డబ్బాలోకి ఎత్తి బయట పెట్టండి. కట్టె బూడిదలా మొక్కలకు వేయొద్దు, ఇందులో ఆర్సెనిక్ లాంటివి ఉంటాయి.

రంగూ వాసనా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ విషయంలో నాకు ఇప్పటికీ టెన్షనే. కట్టె అయితే చాలాసార్లు పొగ ఘాటుకు తెలుస్తుంది, ఆంత్రసైట్‌కు ఆ హెచ్చరిక ఉండదు. స్టవ్ ఉన్న అంతస్తులో ఒకటి, పడకగదుల దగ్గర ఒకటి ఆ గ్యాస్‌ను పసిగట్టే అలారం పెట్టాకే మొదటి బొగ్గు వేయండి. పొగగొట్టం బొగ్గుకు పనికొస్తుందో లేదో తెలిసినవాళ్లకు చూపించండి. చలికాలం అయిపోగానే శుభ్రం చేయించాలి. లోపలి బూడిదలోని గంధకానికి తేమ తగిలితే ఆమ్లంగా మారి రేకు గొట్టాన్ని తినేస్తుంది.

మీ ఊళ్లో నిబంధనలు కూడా కనుక్కోండి. పోలండ్‌లోని క్రాకోవ్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ఇళ్లలో బొగ్గు, కట్టెలు రెండూ కాల్చకూడదు. ఇంగ్లండ్‌లో మామూలు ఇంటి బొగ్గు అమ్మకం 2023లో పూర్తిగా ఆగింది.

కట్టెలు ఉచితంగా దొరుకుతూ, పగలంతా ఇంట్లోనే ఉండేవాళ్లయితే కట్టెల్లోనే ఉండండి. సాయంత్రం కాసేపు వేడి చాలనుకునేవాళ్లకూ బొగ్గు దండగే, అది రోజుల తరబడి ఆరకుండా మండాల్సిన సరుకు.