సోషల్ వర్క్ పీజీ: ఖర్చు, రాబడి లెక్క

ఉద్యోగం మానేసి, అప్పు చేసి రెండేళ్ల సోషల్ వర్క్ పీజీ చదివితే గిట్టుబాటు అవుతుందా అని మీరు అడిగారు. మీ లెక్కలో ఫీజు, వసతి ఉన్నాయి గానీ, ఆ రెండేళ్లూ చేజారిపోయే జీతం లేదు. చాలామందికి అసలు పెద్ద ఖర్చు అదే. పైగా ఈ చదువులో క్షేత్ర శిక్షణ (ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థల వంటి చోట్ల నేరుగా పనిచేస్తూ నేర్చుకోవడం) వందల గంటలు తప్పనిసరిగా ఉంటుంది, దానికి భత్యం ఇవ్వని చోట్లే ఎక్కువ, అది సాధారణంగా పనివేళల్లోనే సాగుతుంది కనుక పార్ట్‌టైమ్ సంపాదనతో నెట్టుకురావడం కష్టం.

అప్పును 100 అనుకోండి. ఏడాదికి 9 శాతం చక్రవడ్డీతో, మధ్యలో ఏమీ కట్టకపోతే, చదువు ముగిసేసరికి అది దాదాపు 119 అవుతుంది.

రాబడి విషయంలో సగటు జీతాన్ని నమ్ముకోకండి. ఆసుపత్రి, పాఠశాల, ప్రభుత్వ శాఖ, స్వచ్ఛంద సంస్థ, వీటిలో ఒక్కోచోట జీతం ఒక్కోలా ఉంటుంది. విరాళాలతో నడిచే ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగియవచ్చు. మీరు కోరుకునే ఉద్యోగాల ప్రకటనలు ఓ ఇరవై ముందు పెట్టుకుని, పీజీ తప్పనిసరి అన్నవి ఎన్నో లెక్కించండి. డిగ్రీ వల్ల పెరిగే వార్షిక జీతంతో మొత్తం ఖర్చును భాగిస్తే, వడ్డీ కాకుండా ఎన్నేళ్లలో తీరుతుందో తెలుస్తుంది. అది పదేళ్లు దాటితే ఉద్యోగం వదలవద్దని నా అభిప్రాయం. ఉద్యోగం చేస్తూ చదివే కోర్సును, ఉపకారవేతనాన్ని ముందు ప్రయత్నించండి. ఈ వృత్తిపై మీకున్న ప్రేమ అప్పు భారం కింద నలిగిపోకూడదనే ఇంత వివరంగా రాశాను.