ముందు ఆ గొలుసు అమ్మకు తిరిగి ఇవ్వు

అమ్మా, బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న నీకు ఎక్స్ఛేంజి పద్ధతిలో ఒక సెమిస్టరు జర్మనీలో చదివే అవకాశం వచ్చిందనీ, అక్టోబరులో వెళితే క్యాంపస్ ఉద్యోగాల శిక్షణ తప్పిపోతుందేమోనన్న భయంతో వెళ్ళాలో మానాలో తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. దీనికి నా సలహా అక్కర్లేదు. మీ ప్లేస్‌మెంట్ ఆఫీసులో ఒక గంట కూర్చుంటే ఉద్యోగాల సంగతి తేలుతుంది. అక్కడి ఏ సబ్జెక్టు ఇక్కడి దేనికి సమానమో చెప్పే లెర్నింగ్ అగ్రిమెంటు మీద బయలుదేరకముందే సంతకాలు చేయించుకుంటే, తిరిగివచ్చాక బ్యాక్‌లాగుల బెడద ఉండదు.

నా చూపు నిలిచింది నీ ఉత్తరం చివర, పెద్ద విషయమేమీ కానట్టు రాసిన నాలుగు వాక్యాల మీద. ఈ సంగతి అమ్మ చేత నాన్నగారికి చెప్పించావు. ఆయన "చూద్దాం" అన్నారట. వారం తిరగకుండా అమ్మ హాస్టలుకు వచ్చి, చేతిరుమాలులో మూటగట్టిన తన ఐదు కాసుల గొలుసును నీ చేతిలో పెట్టి, నాన్నకు తెలియనివ్వవద్దని చెప్పి వెళ్ళింది. నువ్వు దానిని పెట్టెలో బట్టల అడుగున దాచి, నాకు క్యాంపస్ ఉద్యోగాల గురించి ఉత్తరం రాస్తున్నావు!

ఇంటర్‌లో చేరిన నాటి నుంచి నాన్నతో "తిన్నావా", "తిన్నాను" తప్ప మాటలు లేవని నువ్వే అన్నావు. అంటే అయిదేళ్ళుగా మీ ఇద్దరి మాటలూ మోస్తున్నది అమ్మే. అలా మోసేవాళ్ళు అడగవలసినదాన్ని సగం మింగి అడుగుతారు, వచ్చిన జవాబులో పదునంతా తీసి తెచ్చి చెబుతారు. మా ఇంట్లో మా అమ్మ చేసిన పనీ అదే కనుక నాకు తెలుసు. ఆ "చూద్దాం" వెనుక ఆయన ఇంకేం అన్నారో నీకు తెలియదు.

మీది ఎరువుల కొట్టు అని రాశావు కాబట్టి అడుగుతున్నాను. ఎక్స్ఛేంజిలో ట్యూషన్ ఫీజు ఇక్కడే కడతావు, సరే. కాని వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో, అంటే నెలనెలా కొంత చొప్పున మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, నెలకు 992 యూరోల చొప్పున, ఆరు నెలలకు 5,952 యూరోలు, అంటే ఇంచుమించు ఆరు లక్షల రూపాయలు ముందే జమచేసి చూపించాలి. అక్టోబరు సెమిస్టరుకు ఆ డబ్బు జులై, ఆగస్టుల్లో కావాలి. సార్వా నాట్ల వేళ ఎరువుల వ్యాపారి చేతిలో రొక్కం ఉంటుందా? ఉన్నదంతా సరుకులోనూ రైతుల అరువు ఖాతాల్లోనూ ఉంటుంది, కోతలయ్యాక గాని తిరిగి రాదు. ఆ డబ్బు ఒక్కసారిగా ఖర్చయ్యేది కాదనీ, నెలనెలా నీకే తిరిగి అందుతుందనీ ఆయనకు ఎవరైనా చెప్పారా? అమ్మకు మాత్రం ఎలా తెలుస్తుంది?

పోస్టులో వచ్చిన నీ పాస్‌పోర్టును ఆయన దేవుడి అలమారలో పెట్టి తాళం వేశారనీ, అది నిన్ను వెళ్ళనివ్వకూడదనేననీ రాశావు. అయి ఉండవచ్చు, కాకపోనూ వచ్చు. అడగనిదే తెలియదు.

ఈ శనివారం ఇంటికి వెళ్ళి, ముందు గొలుసు అమ్మ మెడలో వేయి. భర్తకు తెలియకుండా ఆవిడ నగ తాకట్టుకు వెళితే, రేపు ఏ పెళ్ళిలోనో బోసి మెడ చూసి ఆయన అడిగినప్పుడు అబద్ధమాడవలసింది ఆవిడే. అప్పటికి నువ్వు జర్మనీలో ఉంటావు. అలాంటి డబ్బుతో చదివే చదువు నాకు రుచించదు, నా చాదస్తమే అనుకో. రాత్రి కొట్టు కట్టేసి వచ్చి ఆయన భోజనం ముగించాక, లెక్కల కాగితం ముందు పెట్టి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నీ నోటితో నువ్వే అడుగు. కళాశాల ఒప్పుకుంటే, కోతల డబ్బు చేతికొచ్చాక ఏప్రిల్‌లో మొదలయ్యే సెమిస్టరుకు పంపుతారేమో కూడా అడుగు. ససేమిరా అంటే ఎందుకో చెప్పమను. అవసరమైతే వాదించు, ఏడుపొస్తే ఏడువు, లేచి మాత్రం వెళ్ళిపోవద్దు. అమ్మ నీ తరఫున మాట్లాడబోతే, "నేను చెబుతానుండమ్మా" అను.