వెలుతురు ఎటునుంచి పడిందో చెప్పు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. లేజర్‌తో నేలను ఎలా కొలుస్తారో రాసిన చోటు బాగుంది. విమానం నుంచి వదిలిన కాంతిలో కొంత చెట్టు కొమ్మలకు తగిలి ముందే వెనక్కొస్తుంది, కొంత ఆకుల సందుల్లోంచి దిగి నేలను తాకి ఆఖర్న వస్తుంది, అలా నేల తాకిన చుక్కల్ని వేరు చేస్తే అడవి మాయమై కింద ఉన్న దిబ్బలూ కాలవలూ బయటపడతాయి అన్నావే, అది మా అమ్మకు చదివి వినిపించినా అర్థమైపోతుంది.

ఆ తర్వాత ఏమైంది నీకు? రెండు పేజీల పొడవునా పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఏ మెనూ తెరవాలి, ఏది నొక్కాలి అనేదే. అదంతా తీసెయ్. మెనూలు వచ్చే వెర్షన్‌లో ఎటూ మారతాయి.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన హిల్‌షేడ్ దగ్గర ఆగాల్సింది. అది ఫోటో కాదు. ప్రతి పిక్సెల్ ఎత్తును పక్కవాటితో పోల్చి, వాలు చూసి, ఫలానా వైపు నుంచి వెలుతురు పడితే ఇక్కడ నీడ ఎంత అని లెక్కగట్టిన బొమ్మ. సాధారణంగా ఆ వెలుతురును 315 డిగ్రీల దిక్కున, అంటే వాయవ్యంలో, 45 డిగ్రీల ఎత్తున పెడతారు (వాస్తు కోసం కాదులే). మన తిరుపతిలో సూర్యుడు ఏడాది మొత్తంలో ఒక్క రోజు కూడా అక్కడ అంత ఎత్తున ఉండడు. అయినా అక్కడే ఎందుకంటే, పటంలో ఉత్తరం పైవైపు కదా, వెలుతురు పైనుంచే పడుతుందని మన కంటికి అలవాటు. కింద నుంచి పడితే గుంత గుట్టలా కనిపిస్తుంది.

నాకిది పరువు పోయాక తెలిసింది. ఒకసారి అందంగా ఉందని వెలుతురును ఆగ్నేయానికి తిప్పి బొమ్మ అచ్చేయించాను. పాకాల వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "సార్, మా ఊరి వంక మీద గట్టు ఎప్పుడు లేచింది?" అన్నాడు. వంక లోతు ఆయన కంటికి ఎత్తయిపోయింది. ఆయన తప్పేం లేదు, బొమ్మ కింద ఒక్క ముక్క రాయని నాదే తప్పు.

ఇంకోటి, ఇది కాస్త గట్టిగానే చెప్తాను. శేషాచలం బొమ్మ కింద లైడార్ అని, అంటే లేజర్‌తో కొలిచిందని రాశావు. నువ్వు వాడింది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన డేటా, ఒక్కో పిక్సెల్ దాదాపు 30 మీటర్లు. లేజర్‌ది కాదు. గాదంకి పరిశోధనశాలలో లైడార్ ఉంది కదా అంటావేమో, అది చూసేది ఆకాశంలో గాలిని, నేలను కాదు.

30 మీటర్లంటే ఏమిటో పాఠకుడికి చూపించు. మీ ఊరి చెరువు కట్ట మీద ఒక ట్రాక్టరు పోతే ఎదురొచ్చేవాడు పక్కకు దిగాలి, వెడల్పు అంతే కదా. ఆ కట్ట వెడల్పు మొత్తం ఒక పిక్సెల్‌లో కలిసిపోతుంది. అదే మీటరుకో పిక్సెల్ ఉన్న లేజర్ డేటాలో అయితే కట్టా, మొరవా, కింద కాలవా విడివిడిగా తెలుస్తాయి. ఈ తేడా రాస్తే చాలు, "అత్యాధునిక సాంకేతికత" అన్న మాట నీకు అవసరం రాదు.

నీ రెండో బొమ్మలో కొండలు నల్లగా, తెల్లగా చీల్చినట్టున్నాయి చూడు, అడ్డం కొలత డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో వదిలేశావు. అడ్డం కొలతనూ మీటర్లలో ఇచ్చే యూటీఎం పటం పద్ధతిలో మన ప్రాంతానిదైన 44 ఉత్తర జోన్‌కు మార్చి మళ్ళీ చెయ్. ఎత్తును మూడింతలు చేసి ఉంటే అదీ రాయి, లేకపోతే చంద్రగిరి కొండ హిమాలయమైపోతుంది.

ఆదివారం పొద్దున ఖాళీయేనా? మీ చెరువు దగ్గరికి వస్తాను, మొరవ నుంచి తూము దాకా నడుద్దాం. సవరించిన బొమ్మ ప్రింట్ తీసి పట్టుకో, ఫోన్‌లో ఎండకు ఏమీ కనపడదు.

మీ అన్న,
చిత్తూరు నుంచి